కడప సీమలో క్రిస్మస్ చెట్టు: సర్విని ఎంచుకొని, కోసి, ఇంటికి తెచ్చుకునే పద్ధతి

కడప జిల్లాలో సొంతంగా కోసి తెచ్చుకునే క్రిస్మస్ చెట్టు అంటే అది సర్వి చెట్టే. యూరప్, అమెరికా దేశాల్లో ఈ పండుగకు వాడే ఫర్, స్ప్రూస్ జాతులు మంచు కురిసే చలికి అలవాటుపడినవి గనుక, డిసెంబరులో కూడా పగటిపూట 30 డిగ్రీల దాకా ఎండ కాసే మన నేలమీద వాటిని పెంచడం సాధ్యం కాదు. కోస్తావారు సరుగుడు అని పిలిచే సర్వికి ఆ చెట్లతో బంధుత్వం ఏమీ లేదు. అయినా సూదుల్లా వేలాడే పచ్చని రెమ్మలు, కింద వెడల్పుగా మొదలై పైకి సన్నబడే ఆకారం, గరుకైన చిన్న కాయలు ఉండటం వల్ల దూరం నుంచి చూసినవారికి తేడా తెలియదు.

సర్వి అసలు క్రిస్మస్ చెట్టే కాదని పెదవి విరిచేవారికి ఒక సంగతి చెప్పాలి. లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని మొదలుపెట్టేనాటికి ఇంగ్లండులోనే క్రిస్మస్ చెట్టు ఇంటింటి ఆచారం కాదు. విక్టోరియా రాణి కుటుంబం అలంకరించిన చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ 1848లో ఒక లండన్ వారపత్రికలో అచ్చయిన తరువాతనే, అప్పటిదాకా ఎక్కువగా జర్మనీకి చెందినదిగా ఉన్న ఈ అలవాటు ఆ దేశంలో విస్తరించింది. అంటే మన క్రైస్తవ సంఘాలకు ఈ ఆచారం బైబిలు వాక్యంతో పాటు వచ్చినది కాదు, తరువాత వచ్చి చేరినది. ఏ చెట్టు వాడాలన్న విషయంలో మనమీద ఏ కట్టడీ లేదు కాబట్టి, మన తోటల్లో ఏది పెరుగుతుందో దానినే పండుగకు తెచ్చుకోవడంలో తప్పేమీ కనిపించదు.

ఇక్కడ వివరించే పద్ధతి మా కుటుంబంలో మా జేజినాయన (తాత) నాటి నుంచి సాగుతున్నది. దీనిలో ముఖ్యమైన విషయం ఒక్కటే. చెట్టును మొదలంటా కొట్టకూడదు. బాగా ఎదిగిన సర్వి తలభాగాన్ని మాత్రమే కోసుకోవాలి. మనం నాటే మామూలు రకం సర్వి వేరు దగ్గర కొడితే, ఆ మోడు మళ్ళీ చిగురించి చెట్టు కావడం అరుదు. అదే కింద పచ్చని కొమ్మలు మిగిల్చి తల మాత్రం తీస్తే, పక్కకొమ్మల్లో బలమైనది పైకి లేచి ఆ స్థానం తీసుకుంటుంది, చెట్టు బతుకుతుంది. పైగా వరుసలో పెరిగిన సర్వికి కిందిభాగంలో పక్కచెట్ల నీడ పడి రెండువైపులా కొమ్మలు ఎండిపోతాయి. తలభాగానికి మాత్రం నాలుగువైపుల నుంచీ వెలుతురు తగులుతుంది కాబట్టి అది గుండ్రంగా, నిండుగా ఉంటుంది. ఇంట్లోకి కావలసినది ఆ భాగమే.

ఎవరి తోటలో కోయాలి

పులివెందుల, లింగాల, సింహాద్రిపురం ప్రాంతాల్లో, అనంతపురం జిల్లా తాడిపత్రి, యల్లనూరు వైపున, చీనీ (బత్తాయి) తోటలకు పడమటి దిక్కున గాలికి అడ్డంగా సర్విని వరుసగా నాటిన రైతులు ఉన్నారు. ఆషాఢమాసపు గాలి మన సీమలో ఎలా వీస్తుందో చెప్పనవసరం లేదు. ఆ గాలికి చీనీ పిందె నిలవాలంటే తోటకు ఏదో ఒక అడ్డు ఉండాలి. అయితే ఆ వరుస మరీ ఎత్తు పెరిగితే దాని నీడ చీనీ చెట్లమీద పడుతుంది గనుక, అప్పుడప్పుడు తలలు తీయించడానికి రైతే సుముఖంగా ఉంటాడు. క్రిస్మస్‌కు చెట్టు కావలసిన కుటుంబానికి ఇంతకంటే మంచి అవకాశం ఉండదు. అరటి గెలలకు ఊతకర్రల కోసం సర్వి వేసిన పొలాలు కూడా ఉంటాయి గాని, అక్కడ చెట్లు దగ్గర దగ్గరగా ఉండి కర్ర సాగుతుంది తప్ప కొమ్మ విప్పుకోదు. వాటి తలలు సన్నగా, పలచగా ఉంటాయి.

వరుసలో మొదలంటా ఒక చెట్టు తీసేస్తే ఏమవుతుందో కూడా గమనించాలి. అడ్డు వరుసలో పడిన సందు గుండా గాలి మామూలుకంటే వేగంగా దూరుతుంది, సరిగ్గా ఆ సందుకు ఎదురుగా ఉన్న చీనీ చెట్లే మొదట దెబ్బతింటాయి. ఒక పండుగకోసం రైతుకు ఆ నష్టం తెచ్చిపెట్టడం న్యాయం కాదు.

తోట బంధువులదైనా, తెలిసినవారిదైనా ముందుగా అడగవలసిందే. మేము నవంబరులోనే, చర్చిలో కేరల్స్ సాధన మొదలయ్యే రోజుల్లో కబురు పంపుతాము. "ఏం మామా, ఈసారి యా వరుసలో కోసుకోమంటావు?" అని అడిగితే, తోటాయన తనకు అడ్డంగా ఉన్న వరుసను తానే చూపిస్తాడు. ధర చెల్లించడమో, పండుగకు కేకు, నిప్పట్లు, కజ్జికాయలు పంపడమో అనేది ఆయా కుటుంబాల మధ్య ఉన్న చనువును బట్టి ఉంటుంది. చనువు లేనిచోట డబ్బు ఇవ్వడమే మర్యాద.

అడవి సంగతి వేరు. లంకమల, పాలకొండ, శేషాచలం కొండల్లోని రక్షిత అటవీప్రాంతాలు 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కిందికి వస్తాయి. పండుగ పేరు చెప్పి అక్కడ ఒక్క కొమ్మను కూడా ముట్టరాదు. రోడ్డు పక్కన, కాలువ గట్టున, బడి ఆవరణలో ఉన్న సర్వి చెట్లు కూడా మనవి కావు. ఎవరైనా తమ పట్టా భూమిలోనే చెట్టును మొదలంటా కొట్టదలిస్తే, చెట్ల నరికివేతను అనుమతుల పరిధిలోకి తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ఉన్నది కాబట్టి, ఆ జాతికి అనుమతి అవసరమా కాదా అన్నది అటవీశాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకొన్న తరువాతనే గొడ్డలి ఎత్తాలి.

ఇంట్లో కొలత ముందు, తోటలో వెతుకులాట తరువాత

ఆరుబయట ఏ చెట్టయినా చిన్నదిగానే కనిపిస్తుంది. తోటలో నిలబడి ఇది మన హాలుకు సరిపోతుంది అనుకొన్న చెట్టు ఇంట్లో కప్పును తాకి వంగుతుంది. అందుకే కొలకర్ర లేకుండా తోటకు వెళ్ళకూడదు. ఒక నిటారైన వెదురు కర్రను తీసుకొని, ఇంట్లో చెట్టు నిలబెట్టబోయే చోటనే కొలిచి, కర్రమీద గాటు పెట్టుకోవాలి.

లెక్క ఇలా వేసుకోవచ్చు. గది ఎత్తు 10 అడుగులు అనుకొందాము. పైన నక్షత్రానికి ఒక అడుగు, నక్షత్రానికీ కప్పుకూ మధ్య ఖాళీగా మరో అడుగు వదిలేస్తే 8 అడుగులు మిగులుతాయి. కోయవలసిన పొడవు అదే. అందులో కింది అడుగు భాగం బకెట్టులోకి దిగుతుంది కాబట్టి కంటికి కనిపించేది 7 అడుగులు. ఇంటికి వచ్చాక మొదలును మరోసారి కోయవలసి ఉంటుంది గనుక రెండు అంగుళాలు అదనంగా వేసుకోవాలి. పాత మిద్దె ఇళ్ళలో ఉన్నవారు దంతెల మధ్య నుంచి కాకుండా దూలం కింది నుంచి ఎత్తు కొలవాలి, ఎందుకంటే చెట్టును జరుపుకొంటూ పోయినప్పుడు కొన మొదట తగిలేది దూలానికే.

ఎత్తు తరువాత చూడవలసినది ఫ్యాను. సాధారణమైన ఫ్యాను రెక్కల వలయం 1200 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు నాలుగు అడుగులు ఉంటుంది. ఆ వలయం దాటిన తరువాత కూడా చెట్టు కొమ్మ చివరకు కనీసం రెండడుగుల ఎడం ఉండాలి. కాగితపు తోరణం ఫ్యానుకు చుట్టుకోవడం ఒక సమస్య, గాలి తగిలేచోట రెమ్మలు తొందరగా వడలిపోవడం మరో సమస్య. మూలన నిలబెట్టేటట్లయితే గోడవైపు కొమ్మలు తక్కువగా ఉన్న చెట్టును కూడా నిస్సంకోచంగా తీసుకోవచ్చు. నాలుగువైపులా నిండుగా ఉన్నదే కావాలని పట్టుబట్టడం హాలు మధ్యలో పెట్టేవారికే అవసరం.

ఎంపిక

క్రిస్మస్‌కు ముందు వచ్చే చివరి శనివారం తోటకు బయలుదేరడం మా ఇంటి ఆనవాయితీ. డిసెంబరు మొదటి వారంలోనే చెట్టు తెచ్చుకోవాలన్న తొందర పిల్లలకు ఎప్పుడూ ఉంటుంది. నీళ్ళు సరిగా పోస్తే ఫర్ చెట్టు నాలుగు వారాలు కూడా పచ్చగా నిలుస్తుంది గాని, సర్విని అంత నమ్మలేము. ఆలస్యంగా కోస్తేనే అది జనవరి 1 ఆరాధన దాకా నిలుస్తుంది. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఆగమనకాలం మొదలైనప్పటి నుంచి ఇంటి ముందు నక్షత్రం వెలుగుతూనే ఉంటుంది కాబట్టి, చెట్టు నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చినంత మాత్రాన పండుగకు వెలితి ఏమీ రాదు. బయలుదేరేది తెల్లవారుజామున కావాలి. రాత్రి చల్లదనానికి రెమ్మల్లో నీరు నిండి ఉంటుంది. ఎండ ఎక్కిన తరువాత కోసిన కొమ్మ దారిలోనే వాడిపోతుంది.

తోటలో అడుగు పెట్టిన తరువాత మొదటి హక్కు పిల్లలది. ఒక్కొక్కరి చేతికి పాత చీర అంచు నుంచి చించిన పీలిక ఒకటి ఇస్తాము. తమకు నచ్చిన చెట్టుకు వారు దానిని కట్టి రావాలి. ఎవరు ఏ చెట్టుకు కట్టారో తెలియడానికి పీలికల రంగులు వేరువేరుగా ఉండటం మంచిది. ఆ తరువాత పెద్దవారు కొలకర్రతో వరుస వెంట నడుస్తూ, పీలిక కట్టిన చెట్లను ఒక్కొక్కటిగా పరీక్షిస్తారు. పనికిరాని చెట్టును కాదనేటప్పుడు కారణం కూడా పిల్లలకు చెప్పాలి. ఎత్తు చాలకనో, కాండం వంకర వల్లనో, మరేదైనా లోపం వల్లనో అని వివరిస్తే, మరుసటి ఏడు వారే ఆ లోపాలు చూసుకొని పీలిక కడతారు. మిగిలిన వాటిలో ఏది అన్నది జేజినాయన తేల్చేవారు. ఆయన తరువాత ఆ మాట మా జేజిది (అవ్వది). ఆమె చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, మంచివైపు ఏదో చూసి, అటు తిరిగి నిలబడుతుంది. ఆమె అలా నిలబడితే మాట అయిపోయినట్టే, ఎవరూ ఇంకేమీ వాదించరు.

పరీక్షలో చూడవలసినవి ఇవి. చెట్టు మొత్తం ఎత్తు 16 అడుగులకు తగ్గకూడదు, ఎందుకంటే 8 అడుగుల తల తీసిన తరువాత కనీసం సగం చెట్టు, అదీ పచ్చని కొమ్మలతో, మిగలాలి. కోత పడే చోట కాండం మందం రెండు అంగుళాల నుంచి మూడు అంగుళాల లోపు ఉంటే బకెట్టులో నిలబెట్టడం తేలిక. కొన ఒక్కటిగా నిటారుగా ఉండాలి. రెండుగా చీలిన కొనమీద నక్షత్రం నిలవదు. కాండంమీద పట్టులాంటి జిగురుగూడు, దానిలో పురుగు రెట్ట, బెరడు పొడి కలిసిన బూడిదరంగు పొర కనిపిస్తే అది బెరడు తినే పురుగు పని. ఆ చెట్టును వదిలేసి తోటాయనకు చెప్పాలి. బెరడు బొబ్బలెక్కి పగిలి, కింద నల్లని పొడి రాలుతుంటే అది శిలీంద్రపు తెగులు. దానిని ఇంటికి తేవద్దు, అదే రంపంతో మరో చెట్టును ముట్టనూ వద్దు.

పిట్ట గూడు ఉన్నదేమో, జుంటి తేనెపట్టు ఉన్నదేమో తప్పనిసరిగా చూడాలి. జుంటీగలు సన్నని కొమ్మకే పట్టు పెడతాయి, పచ్చని రెమ్మల మధ్య అది దగ్గరికి వెళ్ళేదాకా కనపడదు. గూడు ఖాళీగా ఉన్నదని నిశ్చయంగా తెలిసినా మేము ఆ చెట్టును వదిలేస్తాము. ఇది నియమం కాదు, మా జేజి పట్టుదల.

చివరిగా రెమ్మ పరీక్ష. ఒక సన్నని రెమ్మను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకొని లాగితే, అది కణుపు దగ్గర టిక్కుమని ఊడి వస్తుంది. ఊడిన చోటును కంటికి దగ్గరగా పెట్టుకొని చూస్తే, కణుపు చుట్టూ ఏడెనిమిది పొడుగుపాటి పళ్ళు వరుసగా కనిపిస్తాయి. ఇవే సర్వి అసలు ఆకులు. మనం ఆకు అనుకొనే పచ్చని పుల్ల నిజానికి కొమ్మే. ఆరోగ్యంగా ఉన్న రెమ్మను రెండుగా మడిస్తే అది వంగుతుంది గాని విరగదు. మడవగానే కణుపుకు కణుపు విరిగి చేతిలో రాలిపోతే ఆ చెట్టు నీటి ఎద్దడిలో ఉన్నదని అర్థం, రెండు రోజుల్లో ఇల్లంతా ఊడవవలసి వస్తుంది. ఈ పరీక్షను గుర్తుంచుకోవాలి, ఇంట్లో కూడా ఇది పనికివస్తుంది.

కోత

కావలసిన సామాను కొంచెమే: పదునైన చేతిరంపం, చిన్నకొమ్మలకు కొడవలి, రెండు పొడవాటి కొబ్బరితాళ్ళు, నిచ్చెన, తడిపిన గోనెపట్టాలు. మచ్చుకత్తితో నరకడానికి అలవాటుపడిన చేతులు రంపాన్ని చిన్నచూపు చూస్తాయి గాని, ఈ పనికి రంపమే సరైనది. కత్తి దెబ్బకు కాండం చీలుతుంది, మిగిలిన చెట్టు బెరడు కిందిదాకా ఒలుచుకుపోతుంది, ఆ గాయంలో తెగులు చేరుతుంది.

అన్నిటికంటే ముందు తలెత్తి కరెంటు తీగలు చూడాలి. చీనీ తోటల్లో మోటారు షెడ్డుకు పోయే తీగలు తరచుగా ఈ వరుసల పక్కనుంచే పోతాయి. చెట్టు తల ఎటు పడినా తీగకు తగలదన్న నమ్మకం కలిగితేనే నిచ్చెన వేయాలి. చెట్టు ఎంత అందంగా ఉన్నా, తీగ దగ్గరగా ఉంటే దానిని మరచిపోవలసిందే.

నిచ్చెనను కాండానికి తాడుతో కట్టాలి. కోయబోయే తలభాగంలో మూడింట రెండువంతుల ఎత్తున మరో తాడు కట్టి, దాని కొసను కిందనున్న ఇద్దరు పెద్దలు, చీనీ చెట్లు లేని వైపుకు, చెట్టు పొడవుకంటే దూరంగా నిలబడి పట్టుకోవాలి. పిల్లలను అంతకంటే దూరంగా, వెనుకవైపున ఉంచాలి. మా ఇంట్లో ఈ దశలో జేజి చిన్న ప్రార్థన చేస్తుంది. ఆ తరువాత ఆ ఏడు వంతు వచ్చిన పిల్లవాడో పిల్లో, కిందికి వేలాడే ఒక చిన్నకొమ్మను నేలమీద నిలబడే కొడవలితో కోస్తారు. దానిని మొదటి కోత అంటాము. ఆ కొమ్మ చర్చిలో బలిపీఠం దగ్గరి పూలకుండీలోకి వెళుతుంది. నిచ్చెన ఎక్కే పని మాత్రం పెద్దవారిదే.

కోత రెండు దశల్లో సాగాలి. తల ఎటు పడాలో అటువైపు కాండంలో మూడోవంతు లోతుగా ముందు కోయాలి. తరువాత ఎదురువైపు నుంచి, మొదటి కోతకు అంగుళం పైన మొదలుపెట్టి, మెల్లగా ఏటవాలుగా దానిని కలిసేటట్లు కోయాలి. చివర్లో కాండం కిర్రుమనగానే రంపం ఆపి, తాడు పట్టుకొన్నవారిని లాగమనాలి. తల నెమ్మదిగా వాలుతుంది, బెరడు చిరగదు. మిగిలిన మోడు కొసను నీరు నిలవకుండా ఏటవాలుగా సరిచేసి, చీనీ కొమ్మలు కత్తిరించినప్పుడు పూసే బోర్డో పేస్టును తోటాయన దగ్గర అడిగి దానికి కూడా పూయాలి.

కింద పడిన తలను అక్కడే నిలబెట్టి గట్టిగా నాలుగైదుసార్లు విదిలించాలి. ఎండురెమ్మలు, చీమలు, సాలీళ్ళు, ఒక్కోసారి ఊసరవెల్లి కూడా అక్కడే దిగిపోతాయి.

ఇంటికి చేర్చడం

కొమ్మలను కింది నుంచి పైకి, కొనవైపుకు మడుస్తూ, తాడును చుట్లుచుట్లుగా బిగించి కట్టాలి. పై నుంచి కిందికి చుడితే కొమ్మలు మొదట్లో విరుగుతాయి. బండిమీద పెట్టేటప్పుడు మొదలు ముందుకు, కొన వెనుకకు ఉండాలి. అప్పుడు ఎదురుగాలి కొమ్మలను అణచిపెడుతుంది తప్ప విప్పదు. తడి గోనెపట్టాలు కప్పకుండా పులివెందుల నుంచి వేంపల్లె మీదుగా కడపకు, దాదాపు 70 కిలోమీటర్లు, గాలికి తీసుకొని వస్తే చెట్టు సగం ఎండి చేరుతుంది. బండి దాటి వెనుకకు పొడుచుకు వచ్చిన కొనకు ఎర్రగుడ్డ కట్టడం మరవకూడదు.

నిలబెట్టడం

ఇంటికి రాగానే మొదలును రెండు అంగుళాలు అడ్డంగా, సమంగా కోయాలి. కోసినచోట గాలి చేరి నీటి నాళాలు మూసుకుపోతాయి గనుక ఈ కొత్త కోత లేకపోతే ఎంత నీరు పోసినా ప్రయోజనం ఉండదు. కాండం బకెట్టులో పట్టడం లేదని బెరడు చెక్కకూడదు, ఎందుకంటే నీరు ఎక్కువగా పైకి ఎక్కేది కాండపు వెలుపలి పొరల్లోనే. వెంటనే నిలబెట్టే వీలు లేకపోతే, చెట్టును నీళ్ళ బకెట్టులో పెట్టి నీడన ఉంచాలి.

నిలబెట్టడానికి 20 లీటర్ల గట్టి బకెట్టు చాలు. మన ఊళ్ళో నాపరాయి ముక్కలకు కొదవ లేదు కాబట్టి, బకెట్టు అడుగున ఒక చదునైన ముక్క వేసి, దానిమీద మొదలు నిలబెట్టి, చుట్టూ మూడువైపుల నిలువు ముక్కలను చీలల్లా బిగించాలి. ఒకరు చెట్టును పట్టుకోగా, మరొకరు గది అవతలి గోడ దగ్గర నిలబడి నిటారుగా ఉన్నదో లేదో చూసి చెప్పాలి. దగ్గర నుంచి చూసేవారికి వంపు తెలియదు. నిటారు కుదిరిన తరువాత ఏటి ఇసుకతో నింపి, కర్రతో కూరి గట్టిపరచాలి. 15 లీటర్ల ఇసుక ఇంచుమించు 24 కిలోల బరువు తూగుతుంది, చిన్నపిల్లలు కొమ్మ పట్టుకొని లాగినా చెట్టు పడదు. ఇనుప బకెట్టయితే కింద గోనెపట్టా వేయకపోతే నాపరాతి నేలమీద తుప్పు మరక దిగుతుంది, అది ఎంత తోమినా పోదు.

నీరు ఇసుక పైకి తేలకుండా, ఇసుక మాత్రం ఎప్పుడూ తడిగా ఉండేటట్లు పోస్తూ ఉండాలి. తేలిన నీటిలో దోమలు గుడ్లు పెడతాయి. మొదటి రెండు రోజులు చెట్టు ఎక్కువ నీరు తాగుతుంది, ఉదయం సాయంత్రం వేలు గుచ్చి చూసి పోయాలి. చక్కెర, మాత్రల పొడి కలిపితే ఎక్కువ రోజులు నిలుస్తుందని కొందరు చెబుతారు గాని మామూలు నీళ్ళే చాలు.

అలంకరణ ఎవరి ఇష్టం వారిది గనుక రెండు హెచ్చరికలతో సరిపెడతాను. సర్వి రెమ్మ బరువు మోయదు. గాజు గుండ్లు, గంటలు కాండానికి దగ్గరగా మందమైన కొమ్మకు కట్టాలి, కొసలకు కాగితపు నక్షత్రాలు, దూది చాలు. రెండవది నిప్పు. సర్వి పచ్చిగా ఉన్నప్పుడే మండే కట్టె, వంటచెరకుగా దానికి పేరు వచ్చినది అందుకే. చెట్టుమీద గాని, చెట్టు కింద గాని కొవ్వొత్తి వెలిగించరాదు. కొవ్వొత్తుల ఆరాధన నుంచి పిల్లలు వెలుగుతున్న కొవ్వొత్తితో ఇంటికి వస్తే గడప బయటనే ఆర్పించాలి. సీరియల్ సెట్టు ఎల్‌ఈడీది అయితే అంతగా వేడెక్కదు. దాని ప్లగ్గును తడి బకెట్టుకు దూరంగా, నేలకు తగలకుండా ఉంచి, పడుకొనే ముందు తప్పక తీసేయాలి. కాయలున్న కొమ్మలను ముందే కత్తిరించి విడిగా పళ్ళెంలో పెట్టుకొంటే మంచిది. ఇంటి పొడికి అవి పగిలి, రెక్కలున్న సన్నని గింజలను గదంతా రాలుస్తాయి. గింజలు రాలిన కాయలకు రంగు వేసి మళ్ళీ చెట్టుకే కట్టవచ్చు.

మరియాపురంలోని మా కతోలిక బంధువులు చెట్టు కింద బోదగడ్డి కప్పుతో పశువుల పాక పేరుస్తారు. వారం రోజుల ముందు వెడల్పాటి పళ్ళెంలో మట్టి పరచి రాగులు చల్లితే, పండుగనాటికి పాక ముందు పచ్చని పైరు సిద్ధంగా ఉంటుంది.

తీసివేత, ఆ తరువాత

రోజూ ఒక రెమ్మను మడిచి చూస్తూ ఉండాలి. వంగినంతకాలం చెట్టు ఉండవచ్చు. కణుపుల దగ్గర విరగడం మొదలైతే, తేదీ ఏదైనా, ఆ రోజే దీపాలు తీసేసి చెట్టును బయటికి చేర్చాలి. మేము ఎట్టి పరిస్థితిలోనూ జనవరి 6 దాటనివ్వము. ఎండిన రెమ్మలను కొట్టి చీనీ పాదుల్లో మల్చింగుకు వేయవచ్చు, లేదా మా వీధిలో జరిగినట్టు పక్కింటి పిల్లలు భోగిమంటకు ముందే అడిగి పెట్టుకొంటారు. కాండం మాత్రం ఇవ్వము. రెమ్మలు దూసి, నీడన ఆరబెట్టి, చిక్కుడు పందిరికి గుంజగా వాడతాము.

తోటలో పని ఇంకా మిగిలి ఉంటుంది. తల తీసిన చెట్టుకు కొన్ని నెలల్లో మోడు కింద నుంచి రెండు మూడు కొమ్మలు పోటీగా పైకి లేస్తాయి. ఎండాకాలం దాటి, ఆషాఢపు గాలి మొదలుకాకముందే ఒకసారి వెళ్ళి, వాటిలో నిటారుగా, బలంగా ఉన్న ఒక్కదానిని నిలిపి, మిగిలినవాటిని సగానికి కత్తిరిస్తే మళ్ళీ ఒకే కొనతో చెట్టు ఎదుగుతుంది. లేకపోతే చీలిన కొనలతో పొదలా మారుతుంది, ముందుముందు పండుగకు పనికిరాదు. ఏ వరుసలో ఎన్నో చెట్టు తల ఏ సంవత్సరం తీశామో ఒక పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. అదే చెట్టు దగ్గరికి మళ్ళీ రంపంతో వెళ్ళేది, కొత్త కొనకు కొలకర్ర గాటు అందిన తరువాతనే.